బ్యాంకుకు పనికిరాని వారసుడు: వాల్టర్ రోత్‌స్‌చైల్డ్ జీవితంపై తరచుగా అడిగే ప్రశ్నలు

వాల్టర్ రోత్‌స్‌చైల్డ్ ఎవరు?

లయొనెల్ వాల్టర్ రోత్‌స్‌చైల్డ్ 1868 ఫిబ్రవరి 8న లండన్‌లో పుట్టారు. 1937 ఆగస్టు 27న ట్రింగ్‌లో కన్నుమూశారు. ఐరోపాలో పేరుమోసిన బ్యాంకింగ్ కుటుంబంలో, లండన్ శాఖకు అధిపతి అయిన నేథన్ మేయర్ రోత్‌స్‌చైల్డ్‌కు ఆయన పెద్ద కొడుకు. ఇంట్లో అందరూ తండ్రిని ‘నాటీ’ అని పిలిచేవారు. పుట్టుకతోనే బ్యాంకు కుర్చీ రాసిపెట్టి ఉన్న ఈ పెద్ద కొడుకు, ఒక ప్రైవేటు వ్యక్తి అంతకు ముందెన్నడూ పోగుచేయనంత పెద్ద జంతుశాస్త్ర సేకరణను నిర్మించి, బ్యాంకు నుంచి మాత్రం నలభయ్యో ఏట బయటపడ్డారు. ఆయన గురించి ఆసక్తిగా అడిగేవారు సాధారణంగా రెండు కారణాలతో అడుగుతారు: ఒకటి జీబ్రాల బండి, రెండోది పాలస్తీనాలో యూదుల జాతీయ నివాసానికి బ్రిటన్ మద్దతు తెలిపిన బాల్ఫర్ ప్రకటన. ఆ రెండింటి నడుమ ఉన్న జీవితమే నిజానికి ఎక్కువ తెలుసుకోదగినది.

ఈ కుటుంబానికి అంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

మూలపురుషుడు మేయర్ ఆమ్షెల్ రోత్‌స్‌చైల్డ్ (1744–1812) జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, యూదులను మాత్రమే నిర్బంధంగా ఉంచిన ఇరుకు వీధిలో పుట్టి, పాత నాణేల వ్యాపారంతో మొదలుపెట్టి, హెస్సే ప్రాంతపు పాలకుడి ఆర్థిక వ్యవహారాలు చూసే స్థాయికి ఎదిగారు. ఆయనకు ఐదుగురు కొడుకులు. ఆమ్షెల్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉండిపోగా, సాలమన్ వియన్నాలో, నేథన్ లండన్‌లో, కార్ల్ నేపుల్స్‌లో, జేమ్స్ పారిస్‌లో దుకాణం తెరిచారు. ఒకే ఇంటివాళ్లు ఐదు నగరాల్లో ఉండి, ఒకరి హుండీని (చెల్లింపు పత్రాన్ని) మరొకరు కళ్లు మూసుకుని చెల్లించడం, ప్రభుత్వ తపాలా కంటే ముందే తమ సొంత వార్తాహరుల ద్వారా కబురు అందుకోవడం వారి బలం. యుద్ధాలకూ రైలు మార్గాలకూ ప్రభుత్వాలు అప్పు తీసుకోవలసి వచ్చిన 19వ శతాబ్దంలో ఆ బలానికి గిరాకీ విపరీతంగా ఉండేది. 1875లో సూయజ్ కాలువ వాటాలు కొనడానికి బ్రిటిష్ ప్రభుత్వానికి అప్పటికప్పుడు 40 లక్షల పౌండ్లు అప్పిచ్చినది వాల్టర్ తాతగారైన లయొనెల్.

ఆ లయొనెల్‌దే మరో ఘట్టం. 1847లో పార్లమెంటుకు ఎన్నికైనా, క్రైస్తవ విశ్వాసం మీద ప్రమాణం చేయాలన్న నిబంధనకు ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ మళ్లీ గెలుస్తూ 11 ఏళ్లు వేచి చూసి, 1858లో మాత్రమే సభలో కూర్చోగలిగారు. ఆయన కొడుకు నాటీ 1885లో బ్యారన్ బిరుదు పొంది, పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో అడుగుపెట్టిన మొదటి యూదు సభ్యుడయ్యారు. వాల్టర్ మీద పడిన బరువు కేవలం డబ్బు బరువు కాదని చెప్పడానికే ఇదంతా.

కుటుంబంలో వాళ్లలో వాళ్లే పెళ్లిళ్లు చేసుకునేవారంటారు, నిజమేనా?

నిజమే. మేయర్ ఆమ్షెల్ తన వీలునామాలో కూతుళ్లకూ అల్లుళ్లకూ వ్యాపారంలో చోటు లేదని స్పష్టంగా రాశారు. ఆస్తి చీలిపోకుండా ఉండటానికి తర్వాతి తరాలు బంధువుల్లోనే సంబంధాలు కలుపుకున్నాయి. వాల్టర్ తల్లి ఎమ్మా ఫ్రాంక్‌ఫర్ట్ రోత్‌స్‌చైల్డ్‌ల ఆడపడుచు. ఆమె తల్లి లూయిస్, నాటీ తండ్రి లయొనెల్‌కు స్వయానా చెల్లెలు. అంటే మన లెక్కలో నాటీ చేసుకున్నది మేనత్త కూతురినే. తెలుగు పాఠకుడికి ఇందులో వింతేమీ కనిపించదు. కాని లయొనెల్ పెళ్లాడినది సొంత చిన్నాన్న కార్ల్ కూతురిని, పారిస్ శాఖ స్థాపించిన జేమ్స్ పెళ్లాడినది సొంత అన్న సాలమన్ కూతురిని. మన ఇళ్లలో వరస కుదరని సంబంధాలవి. వారికి వరసల పట్టింపు లేదు. లెక్కల పుస్తకం బయటికి పోకూడదన్నదే పట్టింపు.

వాల్టర్ బాల్యం ఎలా గడిచింది?

ఒంటరిగా, పెద్దవాళ్ల కనుసన్నల్లో గడిచింది. ఆరోగ్యం అంతంత మాత్రం కావడంతో బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పించారు. మాట తడబడేది, గొంతు మీద పట్టు ఉండేది కాదు. ఆ ఇబ్బంది పెద్దయ్యాకా పోలేదు. లండన్‌కు వాయవ్యంగా హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ట్రింగ్ పార్కు ఎస్టేటును తాతగారు 1872లో నాటీ కోసం కొన్నారు. అక్కడి చెట్లు, పురుగులు, పక్షులే ఆ పిల్లవాడికి తోడు.

ఏడేళ్ల వయసులో ఒకరోజు అమ్మానాన్నల ముందు నిలబడి, తాను మ్యూజియం పెట్టబోతున్నానని, దానిని చూసుకోవడానికి మినాల్ గారు సాయం చేస్తారని ప్రకటించాడట. ఆల్‌ఫ్రెడ్ మినాల్ ఎస్టేటులో పనిచేసే మనిషి. చనిపోయిన జంతువుల చర్మాన్ని లోపల దట్టించి బతికున్నట్టు నిలబెట్టే పని ఆయనకు తెలుసు. పిల్లలు ఆ వయసులో ఇలాంటివి చాలా అంటారు, పెద్దలు నవ్వి ఊరుకుంటారు. వాల్టర్ విషయంలో తేడా ఏమిటంటే, ఆ మాట అక్షరాలా జరిగింది, మినాల్ గారు నిజంగానే ఆ మ్యూజియానికి తొలి సంరక్షకుడయ్యారు.

ఆయన ఏం చదువుకున్నారు?

జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం, తర్వాత కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలలో 1887 నుంచి 1889 వరకు చదివారు. కేంబ్రిడ్జికి వెళ్తూ న్యూజిలాండ్‌కు చెందిన కివీ పక్షుల గుంపును వెంట తీసుకెళ్లారు. జంతుశాస్త్ర ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ న్యూటన్ ఆయనకు మార్గదర్శి అయ్యారు. పట్టా మాత్రం పుచ్చుకోకుండానే తిరిగి వచ్చారు, ఎందుకంటే బ్యాంకులో చేరవలసిన సమయం వచ్చేసింది.

మరి బ్యాంకులో ఎలా పనిచేశారు?

1889లో లండన్ నగరంలోని సెయింట్ స్విదిన్స్ లేన్‌లో ఉన్న న్యూ కోర్ట్ కార్యాలయంలో చేరి, 1908 వరకు పనిచేశారు. పనిచేశారన్న మాట మర్యాద కోసమే. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు, దానికి తగ్గ భారీకాయంతో ఆయన రోజూ ఆ కార్యాలయానికి వచ్చి కూర్చునేవారు గాని, మనసంతా ట్రింగ్‌లోని పెట్టెల మీదే ఉండేది. పులి కడుపున పిల్లి పుడుతుందా అని మనవాళ్లు ధైర్యంగా అంటారు గాని, నాటీకి ఆ సామెత తెలిసి ఉంటే కొట్టిపారేసేవారే.

ఇదే కాలంలో, 1899 నుంచి 1910 వరకు, తండ్రికి గట్టి పట్టున్న ఐల్స్‌బరీ స్థానం నుంచి పార్లమెంటు సభ్యుడిగా కూడా ఉన్నారు. మాట తడబడే మనిషికి అక్కడ ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు. శాసనాల చరిత్రలో ఆయన పేరు చెప్పుకోదగినంతగా ఎక్కడా కనిపించదు.

1908లో ఏం జరిగింది? తండ్రి నిజంగానే వెళ్లగొట్టారా?

‘వెళ్లగొట్టారు’ అన్నది కొంచెం ఘాటైన మాట, కాని జరిగినదానికి మరీ దూరం కాదు. వాల్టర్ సేకరణకు పెడుతున్న ఖర్చు తనకు వచ్చే ఆదాయాన్ని ఎప్పుడో దాటిపోయింది. దేశదేశాల్లో వేటగాళ్లకు, సేకర్తలకు జీతాలు, ఓడ కిరాయిలు, పుస్తకాల ముద్రణ, రంగుల బొమ్మలు వేసే చిత్రకారులు, ట్రింగ్‌లో ఉద్యోగులు, బతికున్న జంతువుల మేత. వీటన్నింటికీ తోడు వ్యక్తిగత జీవితంలోని చిక్కులు. ఆయన తమ్ముడి కూతురు మిరియం రోత్‌స్‌చైల్డ్ రాసిన జీవితచరిత్ర ప్రకారం, ఆయన తనకు వచ్చే ఉత్తరాలను విప్పకుండా బుట్టల్లో పడేసి తాళం వేసేవారు. అప్పులవాళ్ల ఉత్తరాలు వాటిలోనే ఉండిపోయాయి. అవి బయటపడిన రోజున ఇంట్లో తుఫాను రేగింది.

ఐరోపా ప్రభుత్వాల జమాఖర్చులను వేలి కొసల మీద లెక్కపెట్టిన ఇంట్లో, పెద్ద కొడుకే తన సొంత జమాఖర్చు చూసుకోలేదన్నది నాటీకి అప్పుల మొత్తం కంటే ఎక్కువ అవమానంగా తోచి ఉంటుందని నా అభిప్రాయం. అప్పులు తీర్చారు. వాల్టర్ బ్యాంకు నుంచి తప్పుకున్నారు. ఆ బాధ్యత తమ్ముడు చార్లెస్ నెత్తిన పడింది. 1915లో నాటీ చనిపోయినప్పుడు బిరుదు చట్టప్రకారం పెద్ద కొడుక్కి వచ్చి, వాల్టర్ రెండవ బ్యారన్ రోత్‌స్‌చైల్డ్ అయ్యారు. ఆస్తిలో ప్రధాన భాగం మాత్రం చార్లెస్‌కు వెళ్లింది.

ట్రింగ్ మ్యూజియం ఎప్పుడు, ఎలా మొదలైంది?

ఇరవై ఒకటో పుట్టినరోజు కానుకగా తండ్రి ట్రింగ్‌లోని ఏక్‌మన్ స్ట్రీట్‌లో స్థలం ఇచ్చి, 1889లో భవనం కట్టించారు. 1892లో ప్రజలను లోపలికి అనుమతించారు. తండ్రీకొడుకుల మధ్య తర్వాత ఎంత చేదు పెరిగినా, ఈ మ్యూజియానికి మొదటి ఇటుక తండ్రి డబ్బుతోనే పడిందన్న సంగతి మరవకూడదు.

అసలు పని నడిపించినవారు ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు: పక్షులకు ఎర్న్‌స్ట్ హార్టర్ట్, కీటకాలకు కార్ల్ జోర్డన్. 1894 నుంచి ‘నోవిటేట్స్ జువలాజికే’ అనే సొంత పత్రికను నడిపారు. వాల్టర్, ఈ ఇద్దరూ కలిసి 5,000కు పైగా కొత్త జాతులకు శాస్త్రీయ వర్ణన రాశారని చెబుతారు. ధనవంతుడు షోకు కోసం సీతాకోకచిలుకలు పోగేసుకున్నాడని తేలిగ్గా తీసిపారేసేవారు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. 1911లో ఆయనకు బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ ఫెలోగా గౌరవం దక్కింది.

సేకరణ ఎంత పెద్దది?

ఉచ్ఛదశలో దాదాపు 3 లక్షల పక్షుల చర్మాలు, 2 లక్షల పక్షిగుడ్లు, 22 లక్షలకు పైగా సీతాకోకచిలుకలు, రాత్రి చిలుకలు (రాత్రిపూట ఎగిరే, సీతాకోకచిలుకల్లాంటి కీటకాలు), 30 వేల పెంకు పురుగులు, కొన్ని వేల జంతువుల, పక్షుల నిలువు నమూనాలు, 144 పెద్ద తాబేళ్లు.

ఒకే పక్షి చర్మాలు వందలకొద్దీ ఎందుకు? ఒకటి చాలదా?

వాల్టర్‌ను అర్థం చేసుకోవడానికి ఈ ప్రశ్నకు జవాబు చాలా అవసరం. అంతకు ముందు సేకర్తలకు ఒక జాతికి ఒక జత చాలు: ఒక మగ, ఒక ఆడ. హార్టర్ట్, జోర్డన్ పద్ధతి వేరు. ఒకే పక్షి ఒక దీవిలో ఒకలా, పక్క దీవిలో ముక్కు కాస్త పొడుగ్గా, ఇంకో కొండ మీద రంగు కాస్త ముదురుగా ఉంటుంది. ఆ తేడా వయసు వల్లనా, రుతువు వల్లనా, ప్రాంతం వల్లనా అని తేల్చాలంటే ఒక్కో చోటు నుంచి పదుల సంఖ్యలో నమూనాలు వరుసగా పరచుకుని చూడాలి.

ఒక సొరుగు లాగితే పక్షులు వెల్లకిలా, రెక్కలు ఒంటికి ముడుచుకుని, కళ్ల స్థానంలో దూది తెల్లగా కనిపిస్తూ, పక్కపక్కనే పడుకోబెట్టి ఉంటాయి. ఒక్కోదాని కాలికి దారంతో కట్టిన చిన్న అట్టముక్క మీద పట్టిన చోటు, తేదీ, పట్టినవారి పేరు రాసి ఉంటాయి. పక్షి కంటే ఆ అట్టముక్కకే విలువ ఎక్కువంటే అతిశయోక్తి కాదు. అది ఊడిపోతే మిగిలేది ఈకల పొట్లం మాత్రమే.

ఈ పద్ధతి ఫలం ఎక్కడ పండిందంటే, 1928లో న్యూగినీకి పక్షుల కోసం బయలుదేరిన ఎర్న్‌స్ట్ మయర్ అనే జర్మన్ యువకుడిలో. ఆ యాత్ర వాల్టర్ కోసమే. కొత్త జాతులు ఎలా ఏర్పడతాయన్న విషయంలో 20వ శతాబ్దపు ఆలోచనను మలచిన శాస్త్రవేత్తల్లో మయర్ ముందువరుసలో నిలిచారు. వాల్టర్ పక్షులు న్యూయార్క్‌కు చేరినప్పుడు వాటిని వర్గీకరించిన మనిషి కూడా ఆయనే.

డార్విన్ జోస్యం నిజమైన రాత్రి చిలుక కథ ఏమిటి?

మడగాస్కర్‌లో పూచే ఒక తెల్లని ఆర్కిడ్ పువ్వుకు తేనె దాచుకునే గొట్టం దాదాపు 30 సెంటీమీటర్ల పొడవుంటుంది. 1862లో చార్లెస్ డార్విన్ ఆ పువ్వును చూసి, అంత లోతుకు అందే నాలుకగల రాత్రి చిలుక అక్కడ ఉండి తీరాలని రాశారు. కొందరు నవ్వారు. డార్విన్ 1882లో చనిపోయారు. 1903లో వాల్టర్, జోర్డన్ కలిసి అలాంటి పొడవైన నాలుకగల మడగాస్కర్ రాత్రి చిలుకను వర్ణించి, ‘ముందే చెప్పబడినది’ అనే అర్థం వచ్చేలా దానికి ‘ప్రెడిక్టా’ అని పేరు పెట్టారు.

ఆయన పేరుతో ఏవైనా జంతువులు ఉన్నాయా?

చాలానే ఉన్నాయి. అందరికీ తెలిసినది ఉగాండా, కెన్యా ప్రాంతాల్లో కనిపించే రోత్‌స్‌చైల్డ్ జిరాఫీ. ఒంటినిండా మంచు తెలుపుతో, కళ్ల చుట్టూ నీలం చర్మంతో ఉండే బాలి గోరువంక శాస్త్రీయ నామంలోనూ ఆయన పేరే ఉంది. 1912లో వర్ణించిన ఆ పక్షి నేడు అంతరించే అంచున ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద సీతాకోకచిలుకకు మాత్రం ఆయన తన పేరు కాకుండా బ్రిటిష్ రాణి అలెగ్జాండ్రా పేరు పెట్టారు. పాపువా న్యూగినీలో ఆయన సేకర్త ఆల్బర్ట్ మీక్ 1906లో దాని మొదటి నమూనాను చిన్న గుళ్ల తుపాకీతో కాల్చి దించారు. సీతాకోకచిలుకను తుపాకీతో కొట్టడమేమిటని ఆశ్చర్యం కలగవచ్చు. రెక్కలు విప్పితే పావు మీటరు దాటే ఆ జీవి చెట్ల కొసల మీదే ఎగురుతుంది. వల అక్కడికి అందదు.

జీబ్రాల బండి నిజంగా నడిపారా?

నడిపారు. జీబ్రాలను మచ్చిక చేయలేమన్న వాదన తప్పని చూపడానికి వాటిని బండికి పూన్చి, లండన్ వీధుల మీదుగా బకింగ్‌హామ్ రాజప్రాసాదం దాకా తోలుకెళ్లారు. టోపీ పెట్టుకుని పెద్ద తాబేలు వీపు మీద కూర్చున్న ఫొటో కూడా కల్పితం కాదు. ట్రింగ్ పార్కులో కంగారూలు, ఈమూలు, కాసోవరీలు అనే ఎగరలేని పెద్ద పక్షులు స్వేచ్ఛగా తిరిగేవి.

అక్కడ విడిచిన జీవుల్లో ఒకటి ఇంగ్లండుకు నేటికీ తలనొప్పే. 1902లో ఐరోపా నుంచి తెచ్చి వదిలిన గ్లిస్ గ్లిస్ అనే బూడిదరంగు మూషికం, చూడటానికి చిన్న ఉడుతలా ఉంటుంది. చిల్టర్న్ కొండల చుట్టుపక్కల ఊళ్లలో అది ఇళ్ల అటకల్లో చేరి, రాత్రంతా పరుగులు పెడుతూ కరెంటు తీగలు కొరుకుతుంది. చట్టం రక్షణ ఉండటంతో అనుమతి లేకుండా పట్టడానికీ వీల్లేదు. వాల్టర్ పేరు కూడా తెలియని ఇళ్లలో ఆయన వారసత్వం ఇలా కొనసాగుతోంది.

అన్ని జంతువులను చంపించిన మనిషిని ప్రకృతి ప్రేమికుడని ఎలా అంటారు?

న్యాయమైన ప్రశ్న, దీనికి నున్నటి సమాధానం లేదు. ఆ కాలపు శాస్త్రానికి తుపాకీ తప్ప మరో పనిముట్టు లేదన్నది నిజమే. అంతరించిన పక్షుల మీద 1907లోనే పెద్ద గ్రంథం వెలువరించిన మనిషికి, జాతులు శాశ్వతంగా పోతాయన్న స్పృహ బాగానే ఉంది. అయినా, దీవుల్లో కొద్దిపాటిగా మిగిలిన పక్షుల మీదికి, అవి ఎలాగూ పోతున్నాయి కదా, పోకముందే నమూనాలు తెచ్చుకోవాలన్న ధోరణితో సేకర్తలను పంపడంలో ఉన్న దురాశను కప్పిపుచ్చలేము. పైగా ఆ సేకర్తలు వెళ్లిన నేలలు చాలావరకు వలస పాలన కింద ఉన్నవే. దారి చూపిన స్థానికుల పేర్లు ఆ అట్టముక్కల మీద చాలా అరుదు.

అదే సమయంలో, నేడు ఒక పక్షి వందేళ్ల కిందట ఎక్కడెక్కడ ఉండేదో, దాని ఈకల్లో పాదరసం ఎంత ఉండేదో, జన్యువుల్లో ఎంత వైవిధ్యం ఉండేదో తెలుసుకోవాలంటే ఇలాంటి సొరుగులే దిక్కు. ఈ రెండో వాస్తవం మొదటిదాన్ని మాఫీ చేయదు.

తమ్ముడు చార్లెస్ సంగతి ఏమిటి?

నేథానియల్ చార్లెస్ రోత్‌స్‌చైల్డ్ (1877–1923) కూడా ప్రకృతి పిచ్చివాడే, కాని అన్నలా బాధ్యత తప్పించుకోలేదు. పగలు బ్యాంకు, తీరిక వేళల్లో ఈగలు, సీతాకోకచిలుకలు, అన్నింటికంటే ముఖ్యంగా జంతువుల శరీరాన్ని అంటి రక్తం పీల్చి బతికే గెంతు పురుగులు (ఆంగ్లంలో ‘ఫ్లీ’). ఎలుకల ఒంటి మీద ఉండే ఒక గెంతు పురుగును సూడాన్‌లో సేకరించి, 1903లో ‘జెనాప్సిల్లా కియోపిస్’ అని పేరు పెట్టారు. ఎలుక నుంచి మనిషికి ప్లేగును ప్రధానంగా మోసుకొచ్చేది ఇదే. 1896లో బొంబాయిలో అడుగుపెట్టిన ప్లేగు దక్కన్ అంతటా ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి, 1911లో హైదరాబాదును వణికించింది. మన తాతముత్తాతలు ‘ఎలుకలు రాలితే ఊరు విడవాలి’ అని నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. ఆ వ్యాధికీ ఈ పురుగుకూ ఉన్న లంకెను బొంబాయిలో జరిగిన ప్రయోగాలు రూఢి చేశాయి.

చార్లెస్ 1912లో స్థాపించిన సంఘం, అరుదైన మొక్కలూ జీవులూ ఉన్న 270కి పైగా స్థలాల జాబితా తయారుచేసి, వాటిని ఉన్నవి ఉన్నట్టుగా కాపాడాలని ప్రభుత్వాన్ని కోరింది. జీవిని కాదు, అది బతికే చోటును కాపాడాలన్న ఆలోచన బ్రిటన్‌లో అప్పటికి కొత్త. అన్నదమ్ములిద్దరిలో ముందుచూపు ఎవరిదని అడిగితే నేను చార్లెస్ పేరే చెబుతాను. ఎన్నో ఏళ్లు అనారోగ్యంతో, మానసిక వేదనతో బాధపడి, 1923లో తన ప్రాణాలు తానే తీసుకున్నారు. అప్పటికి వయసు 46. అన్న వదిలేసిన కుర్చీ తమ్ముడికి ఎంత బరువైందో ఎవరూ తూచి చెప్పలేరు.

బాల్ఫర్ ప్రకటన ఆయన పేరిట ఎందుకు ఉంది?

1917 నవంబరు 2న బ్రిటిష్ విదేశాంగ మంత్రి ఆర్థర్ బాల్ఫర్ రాసిన చిన్న ఉత్తరం అది. పాలస్తీనాలో యూదు ప్రజలకు జాతీయ నివాసం ఏర్పడటాన్ని ప్రభుత్వం సానుకూలంగా చూస్తుందని, అక్కడ ఉన్న యూదేతర వర్గాల పౌర, మత హక్కులకు గాని, ఇతర దేశాల్లోని యూదుల హక్కులకు గాని భంగం కలగకూడదని అందులో ఉంది. అందులోని అసలు వాక్యం ఆంగ్లంలో 67 మాటలే. అప్పటి జనాభాలో సుమారు పదింట తొమ్మిది వంతులున్న అరబ్బుల పేరు ఆ ఉత్తరంలో ఎక్కడా రాదు; ఆ మౌనం పర్యవసానాలు నేటికీ తీరలేదు.

వాల్టర్‌కు రాయడానికి కారణం, ఆయన బ్రిటన్‌లో పేరొందిన యూదు ప్రముఖుడు కావడమే గాక, ఉద్యమ నాయకుడు ఛైమ్ వైజ్‌మన్ ప్రభావంతో, పాలస్తీనాలో యూదులకు నివాసం కోరే జియోనిస్టు ఉద్యమానికి మద్దతుగా నిలవడం. ఆ జులైలో ప్రకటన ముసాయిదాను ప్రభుత్వానికి పంపినది కూడా ఆయనే. కుటుంబంలో అందరూ ఆయనతో ఏకీభవించలేదు. మంత్రివర్గంలో దీనిని గట్టిగా ఎదిరించినవాడు మరో యూదుడు, ఎడ్విన్ మాంటేగు, అప్పటి భారత వ్యవహారాల మంత్రి. ప్రకటన ఖరారయ్యే సమయానికి ఆయన లండన్‌లో లేరు. రాజ్యాంగ సంస్కరణల కోసం భారతదేశానికి బయలుదేరారు. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఆంధ్ర నాయకులు మద్రాసులో విన్నపం అందించినది ఆ పర్యటనలోనే, ఆ మాంటేగుకే.

తన పక్షులను ఎందుకు అమ్ముకున్నారు?

1932లో సుమారు 2 లక్షల 80 వేల పక్షి చర్మాలు న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి తరలిపోయాయి. ధర 2 లక్షల 25 వేల డాలర్లు, అంటే చర్మానికి ఒక డాలరు కూడా పడలేదు. బయటికి పన్నుల భారం, డబ్బు ఇబ్బంది అని చెప్పుకున్నారు. అసలు కారణం ఆయన చనిపోయిన చాలా ఏళ్లకు మిరియం రాసిన జీవితచరిత్ర ద్వారా బయటికొచ్చింది: ఒకప్పటి ప్రియురాలైన ఒక ఉన్నత కుటుంబపు స్త్రీ, ఏళ్ల తరబడి ఆయనను బెదిరించి డబ్బు గుంజారు. ఆయనకు అన్నిటికంటే భయం, ఆ సంగతి తల్లి చెవిన పడుతుందని. అరవై దాటిన మనిషి, ప్రభువుల సభ సభ్యుడు, తల్లికి తెలియకూడదని జీవితమంతా కూర్చిన పక్షులను వదులుకున్నారు. తల్లి ఎమ్మా 1935 వరకు బతికారు.

ఆయనకు పెళ్లి, పిల్లలు?

పెళ్లి చేసుకోలేదు. వివాహేతర బంధం వల్ల ఒక కుమార్తె ఉన్నారు. బిరుదు చార్లెస్ కొడుకు విక్టర్‌కు వెళ్లింది. ఆయనా జంతుశాస్త్రవేత్తే కావడం ఆ ఇంటి తీరును చెబుతుంది.

ప్రపంచ బ్యాంకులన్నీ ఈ కుటుంబానివేనని, రిజర్వు బ్యాంకు కూడా వాళ్లదేనని వాట్సాప్‌లో వస్తోంది. నిజమా?

అబద్ధం. భారతీయ రిజర్వు బ్యాంకు 1949 జనవరి 1 నుంచి పూర్తిగా భారత ప్రభుత్వానిది. 1815లో నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధఫలితాన్ని ముందే తెలుసుకుని, తప్పుడు పుకారు పుట్టించి, లండన్ శాఖ స్థాపించిన నేథన్ అక్కడి మార్కెట్‌ను కొల్లగొట్టాడన్న కథ 1846లో పారిస్‌లో ‘సైతాన్’ అనే మారుపేరుతో వెలువడిన ద్వేషపూరిత కరపత్రం ద్వారా వ్యాపించింది. ఆ తర్వాత నాజీలు దానిని సినిమాగా తీసి వాడుకున్నారు. నేపుల్స్ శాఖ 1863లో, ఫ్రాంక్‌ఫర్ట్ శాఖ 1901లో మూతపడ్డాయి, 1938లో వియన్నా శాఖను నాజీలు లాక్కున్నారు. లండన్ సంస్థ నేటికీ పాత చిరునామాలోనే నడుస్తోంది గాని, నేటి పెద్ద బ్యాంకుల పక్కన దాని పరిమాణం చిన్నదే. ఇలాంటి సందేశాన్ని ముందుకు పంపేవారిలో చాలామందికి, తాము మోస్తున్నది యూదుల మీద శతాబ్దాలుగా నడిచిన విషప్రచారమని తెలియదు. తెలిశాక కూడా పంపేవారి గురించి ఇక్కడ చర్చ అనవసరం.

ట్రింగ్‌కు వెళ్లి చూడవచ్చా?

చూడవచ్చు, ప్రవేశం ఉచితం. లండన్‌లోని యూస్టన్ స్టేషన్ నుంచి ట్రింగ్‌కు రైలుంది, స్టేషన్ నుంచి పట్టణం కాస్త దూరం. వాల్టర్ తన మ్యూజియాన్ని, మిగిలిన సేకరణను జాతికి రాసిచ్చి పోయారు. ఇప్పుడది లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో భాగం. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలు లండన్ పెద్ద మ్యూజియం చూసి తిరిగి వచ్చేస్తుంటాయి; పిల్లలున్నవారికి నేను ట్రింగ్‌నే ముందుగా సిఫారసు చేస్తాను.

నేల నుంచి కప్పు దాకా అద్దాల బీరువాలు. చోటు చాలక జీబ్రాలను, దుప్పులను కాళ్లు మడిచి పడుకున్న భంగిమలో పై అరల మీద సర్దారు. పూర్తిగా అంతరించిపోయిన క్వాగా జీబ్రా అక్కడే ఉంది. మెక్సికోలో తయారైన, బట్టలు కట్టిన గెంతు పురుగులను భూతద్దం లోంచి చూడవచ్చు. ప్రదర్శనలో పెట్టని లక్షల పక్షి చర్మాలు (వాల్టర్ అమ్ముకున్నవి కావు, లండన్ మ్యూజియానివి) పక్కనున్న పరిశోధన భవనంలో ఉంటాయి, అక్కడికి సందర్శకులను పంపరు. 2009లో ఒక సంగీత విద్యార్థి కిటికీ పగలగొట్టి ఆ భవనంలోకి చొరబడి 299 చర్మాలను ఒక పెట్టెలో సర్దుకుపోయాడు. చేపల గాలాలకు కట్టే రంగు ఈకలకు సంపన్న అభిరుచిపరుల దగ్గర మంచి ధర పలుకుతుంది మరి. చాలావరకు దొరికాయి గాని, వాటిలో ఎన్నింటికో కాలికి కట్టిన అట్టముక్కలు అప్పటికే తెంపేసి ఉన్నాయి.